మా వీథి తలుపు

పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయునకు ప్రొద్దు పోదని లోకులందురు. నా విషయమున అది నిజము కాలేదు. ముప్పదియైదేండ్లు ఇతరులకు పాఠములు చెప్పిన పిమ్మట, నేను నేర్వకుండ మిగిలిపోయిన పాఠములెన్నియో కనబడసాగినవి. ప్రధానోపాధ్యాయ పదవినుండి నేను 2018లో విరమించితిని. అటుపిమ్మట ఐదేండ్లకు, 2023 వేసవిలో, ఒక క్రొత్త విద్యకై శిష్యుడనైతిని. అది వ్యాకరణము కాదు, జ్యోతిషము కాదు. ఇనుముమీద టేకుకొయ్యను చిత్రించు విద్య.

ఈ విద్య ఫలితమును మీలో చాలమంది చూచియే యుందురు. ఇప్పటి ఇండ్లలో కొన్ని తలుపులు దూరమునుండి చక్కని టేకుతలుపులవలె కనబడును. దగ్గరకు పోయి వ్రేలితో కొట్టినచో ఇనుము ఖంగుమనును. సిమెంటు స్తంభము పాలరాతి స్తంభమువలె మెరయును. మా ప్రాంతపు రంగులవారు దీనిని "టేకు డిజైను" అనియు, "మార్బులు డిజైను" అనియు పిలుతురు. వీథిలో పోవుచు అట్టి తలుపులను నేనును చూచితిని. చూచి, "పైపై మెరుగులు" అని మనసులో అనుకొని ముందునకు సాగితిని. అట్లనుకొన్నవాడనే కుంచె పట్టవలసివచ్చుటకు కారణము మా వీథి తలుపు.

మాది కోనసీమలో గోదావరిపాయల నడుమ నున్న ఒక లంకగ్రామము. మా యింటి వీథి తలుపు మా తాతగారినాటిది. ఆ కాలమున ఎగువ అడవులలో నరికిన టేకుదుంగలను తెప్పలుగా కట్టి గోదావరిమీద రాజమహేంద్రవరమునకు తెచ్చెడివారు. మా తాతగారు అక్కడనే దుంగ నేరి, పడవమీద ఊరికి చేర్చి, ముంగిట కోయించిరని మా నాయనగారు చెప్పుచుండిరి. రెండు రెక్కల తలుపు, ఒక్కొక్క రెక్కకు మూడు నిలువు పలకలు, ఇత్తడి గుబ్బలు. ఎడమరెక్క నడిమి పలకలో ఒక ముడి యుండెను. అది అచ్చముగ కన్నువలె నుండును. ఎవరైన వచ్చినప్పుడు ఆ కన్ను ముందుగా చూచునని చిన్నతనమున నేను నమ్మియుంటిని.

ఆ పలకమీదనే మరియొక గుర్తు కూడ నుండెను. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా లంకను ముంచివేసెను. మేము బియ్యపు బస్తాలను, పుస్తకములను అటకమీదికి చేర్చి, రెండు రాత్రులు అక్కడనే గడపితిమి. మా యమ్మ మాత్రము దిగి, నడుముదాక నీటిలో నిలిచి, తలుపు కొట్టుకొనిపోకుండ లోపలినుండి గడియకు త్రాడు కట్టెను. నీరు తీసినప్పుడు తలుపుమీద ఒక నల్లని గీత మిగిలెను. ఆమె కుంకుడురసముతో తోమెను, పోలేదు. కొన్నాళ్లకు ఆమెయే దానిని పోగొట్టవలదనసాగెను. ఇంటికి వచ్చిన చుట్టములకు ఆ గీతను చూపి, "ఇక్కడిదాకా" అని చేయి పెట్టి చెప్పుట ఆమెకు అలవాటయ్యెను.

చేవగల టేకును చెద సామాన్యముగ ముట్టదు. కాని చెట్టులో నడిమి భాగమునకే చేవ యుండును. బెరడునకు దగ్గరగా నుండు తెల్లకొయ్యకు ఆ బలము లేదు. మా తలుపు పలకల అంచులలో అట్టి తెల్లకొయ్య కొంత కలదు. అంతకన్న చేటు, ద్వారబంధము మామిడికొయ్యది. చెద నేలనుండి బంధములోనికి, బంధమునుండి పలకల లోనికి ప్రాకి, పైపొరను మాత్రము వదలి లోపలంతయు తినివేసెను. పైకి చూచువారికి తలుపు చెక్కుచెదరలేదు. అడుగున చిన్న మరమ్మతునకని వడ్రంగిని పిలిచితిని. అతడు ఉలి ఆనించగా అది అరటిబోదెలో దిగినట్లు దిగెను. ఆరు పలకలలో నిలిచినది కన్నును వరదగీతయు గల ఆ యొక్క పలకయే.

క్రొత్త టేకు వెల నా పింఛనునకు అందునది కాదు. మా యబ్బాయి ఇనుపతలుపు చేయించి పంపెను. ఎర్రని ప్రైమరు పూతతో అది మా ముంగిట కారాగారద్వారమువలె నిలిచెను.

అప్పుడు మా యమ్మ ఊరిలో లేదు. ఎనుబదియారేండ్ల వయస్సున రెండు కన్నులకును శుక్లములు ముదిరి, కాకినాడలో మా చెల్లెలియింట నుండి ఒకదాని తరువాత ఒకటి శస్త్రచికిత్స చేయించుకొనుచుండెను. ఫోనులో నాతో, "కళ్లు వచ్చాక ముందు మన వీథి తలుపు చూస్తానురా అబ్బాయీ. మూడేళ్లనుంచి తడుముకుంటూ వస్తున్నాను" అనెను. తలుపు పోయినదని చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆమె వచ్చుటకు ఇంకను ఇరువదిరెండు దినములున్నవి.

మా ఊరి రంగులమేస్త్రి నావద్ద ఎనిమిదవ తరగతి చదివినవాడు. ఆ తరువాత చదువు మాని తండ్రి పనిలో చేరెను. తండ్రి పల్లెటూరి నాటకములకు తెరలు వ్రాసెడివాడు. నాటకపుతెర అనగానే నాకు చిన్ననాటి సురభి నాటకములు తలపునకు వచ్చును. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో మొదలైన ఆ కుటుంబనాటకసమాజమువారి తెరలమీద రాజభవనములు, పాలరాతి స్తంభములు, పట్టుపరదాలు అన్నియు రంగులలోనే యుండెడివి. గాలి వీచినప్పుడు రాజుగారి స్తంభములు అలలవలె కదలెడివి. అయినను మాలో ఎవ్వరును నవ్వలేదు.

మేస్త్రి వచ్చి ఇనుపతలుపును, గోడకానించిన పాత పలకను చూచెను.

"రెండు రోజుల పని మాస్టారూ. మీరు కుర్చీ వేసుకుని కూర్చోండి."

"వేసేది నేను. నువ్వు నేర్పాలి" అంటిని.

"మీరా?" అని అతడు నవ్వు ఆపుకొనుటకు తలగుడ్డ సవరించుకొనెను. అమ్మకు ఒక అబద్ధము చూపదలచినవాడు దానిని కూలికిచ్చి చేయింపరాదని నా యభిప్రాయము. ఆ మాట అతనితో చెప్పలేదు. "ప్రొద్దు పోవడం లేదు" అని మాత్రము చెప్పితిని.

మరునాడు ఉదయము ఒక పాత బల్లచెక్కకు లేత పసుపువన్నె ఎనామెలు పూసి, ఆరనిచ్చి, నా ముందు పెట్టెను. ఈ విద్యలో మొదటి సూత్రమిది. కొయ్యలో కనబడు మిక్కిలి లేత వన్నె ఏదియో అదియే అడుగుపూత కావలెను. దానిపై పలుచని ముదురు రంగు పూసి, అది ఆరులోపల అక్కడక్కడ తొలగించుచు పోవలెను. అడుగువన్నె బయటపడిన చోట లేతకొయ్య, మిగిలిన చోట ముదురుకొయ్య. చిత్రకారుడు రంగు పెట్టుచు బొమ్మ చేయును. ఇతడు రంగు తీయుచు కొయ్యను చేయును. పైరంగునకు కాల్చిన మన్నువన్నెలు రెండు, అంబరు, సియన్నా అనునవి, అవిసెనూనెతోను టర్పెంటైనుతోను కలిపి పలుచన చేసెను. నూనె హెచ్చినచో రంగు ఆలస్యముగ నారును. టర్పెంటైను హెచ్చినచో త్వరగా నారును. వేసవి గనుక నూనె కొంచెము హెచ్చించెను.

పనిముట్లు చూచి నాకు నవ్వు వచ్చెను. ఒక ఎండుకుంచె, సైకిలు ట్యూబును కత్తిరించి కొయ్యకు బిగించిన రబ్బరు దువ్వెన, కొన్ని పళ్లు విరుగగొట్టిన తలదువ్వెన, ఒక పాత బనీను గుడ్డ. అంతే.

నేను రంగు పూసి, దువ్వెన పట్టి, పైనుండి క్రిందికి శ్రద్ధగా లాగితిని. గీతలు చక్కగ వచ్చెనని సంతోషించితిని. మేస్త్రి ప్రక్కనుండి చూచి, "మాస్టారూ, మీరు నాలుగుగీతల కాపీపుస్తకం గీశారు. చెట్టు ఇలా రాయదు" అని టర్పెంటైను గుడ్డతో ఒక్క తుడుపు తుడిచివేసెను. పలక మరల శుభ్రమయ్యెను. రెండవసారి, గీతలు మరీ సూటిగా ఉండరాదని వంకరలు పెట్టితిని. పాము ప్రాకినట్లు వచ్చెను. మూడవసారి కన్నులు చిత్రించితిని, ఒకటికి నాలుగు. "ఇన్ని ముడులున్న టేకును మీ తాతగారు కొనేవారా?" అని అడిగెను. మరల తుడుపు. ఆ ఉదయము నా పని తొమ్మిదిసార్లు తుడిచివేయబడెను. ఎన్నడో అతని నోటుపుస్తకముమీద ఎర్రసిరాతో నేను పెట్టిన కొట్టివేతలు నాకు గుర్తురాకపోలేదు. అతనికి గుర్తున్నవో లేవో నేనడుగలేదు.

చివరకు దువ్వెన నా చేతిలోనుండి తీసికొని, "ఇవాళ రంగు వద్దు. ఆ పలక ముందు కూర్చోండి. గీతలు ఎక్కడ మొదలవుతున్నాయో, ఎక్కడికి పోతున్నాయో చూడండి. సాయంత్రం నాకు చెప్పండి" అని పనికి వెడలిపోయెను.

అరువదియైదేండ్లు నేను ఆ తలుపు తీసి, వేసి, దాని కానుకొని నిలిచి, దానిమీద తాళము తప్ప మరేమియు చూడలేదని ఆనాడు తెలిసినది. పలకను ఒడిలో పెట్టుకొని, పెన్సిలుతో కాగితముమీద గీయ మొదలిడితిని. గీతలు సమదూరమున లేవు. ఒక ప్రక్క చిక్కగా, మరియొక ప్రక్క పలుచగా నున్నవి. నడుమ ఒకదానిపై నొకటిగ కోపురాగ్రముల యాకారమున లేచుచున్నవి. ముడి దగ్గరకు వచ్చునప్పటికి, ప్రవాహము నడుమ రాయి యడ్డమైనట్లు, గీతలు ఇరుప్రక్కలకు చీలి, దానిని చుట్టి, మరల కలియుచున్నవి. ఏ గీతయు మరియొక గీతను దాటుట లేదు.

దీనికి కారణము ప్రకృతిశాస్త్రము చదివిన మీకు తెలియవలసినదే. టేకుచెట్టు ఏటేట ఒక వలయము పెరుగును. పెరుగుదల మొదలైన ఋతువులో పెద్ద రంధ్రములు గల కొయ్య యేర్పడును. తరువాత ఏర్పడునది చిక్కనిది. ఆ రెండింటి భేదమే గీతగా కనబడును. దుంగను నడిమిగుండ కోసినచో వలయములు నిలువుగీతలై కనబడును. ప్రక్కగా కోసినచో గోపురములవలె కనబడును. ముడి యనగా ఒకనాడు కొమ్మ పుట్టిన చోటు. కాండము లావెక్కుచు ఆ కొమ్మ మొదలును తనలో కలుపుకొనును. మా తలుపులోని కన్ను ఎన్నడో అడవిలో ఒక కొమ్మ. మా తాతగారి దుంగ ఏ ప్రక్కనుండి కోయబడినదో నేను కాగితముమీద చెప్పగలిగితిని. సాయంత్రము మేస్త్రికి ఆ పాఠము అప్పగించితిని. వలయముల మాట అతనికి క్రొత్త. గీతలు దాటుకొనవను మాట అతడు తండ్రివద్ద ఎప్పుడో నేర్చినదే.

తరువాతి దినములలో చేయి కొంచెము మాట వినసాగెను. దువ్వెనను లాగునప్పుడు మణికట్టు స్వల్పముగ వణకనీయవలెను. గోపురములను కుంచెతో తేలికగా గీసి, వెంటనే ఎండుకుంచెను వానిమీదుగ ఒక దిక్కునకే లాగవలెను. అప్పుడు గీతకు ఒక అంచు పదునుగాను, ఒక అంచు కరగినట్లును ఉండును. బొటనవ్రేలికి బనీను గుడ్డ చుట్టి అద్ది త్రిప్పినచో ముడి వచ్చును. ఇవి నాలుగు వాక్యములలో చెప్పితిని గాని, నాకు పట్టినవి పదునొకండు దినములు.

పాలరాయి సంగతి కొంచెమే చెప్పెదను. వసారాలోని సిమెంటు స్తంభముమీద మేస్త్రి ఒకమారు చేసి చూపెను. తెల్లని పూతమీద, తడి యుండగనే, కోడియీకను బూడిదవన్నెలో ముంచి ఐమూలగ లాగెను. ఈకను వ్రేళ్ల నడుమ త్రిప్పుచు లాగుటచే నరములు ఒకచోట లావై, ఒకచోట సన్నమై, ఒకచోట మాయమయ్యెను. నిజమైన పాలరాయి సున్నపురాయి భూగర్భపు వేడికి, ఒత్తిడికి మారి యేర్పడినది. అందు చిక్కుకొన్న మట్టి, ఇనుము మొదలగు మలినములే ఆ నరములు. దోషమును చిత్రించిన గాని పాలరాయి పాలరాయి వలె నుండదు. నేను చేసినది మెరుపులు మెరసిన ఆకాశమువలె వచ్చెను. ఆ స్తంభము ఇప్పటికి నట్లే యున్నది.

ఆ దినములలో రాత్రులు నేను ఈ విద్య చరిత్రను కొంత చదివితిని. ఇది ఇప్పటి మాయ కాదు. ప్రాచీన ఈజిప్టు సమాధులలో కొయ్యతో చేసి రాతివలె రంగు పూసిన పాత్రలు దొరికినవి. క్రీ. శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము పూడ్చివేసిన పాంపే నగరములో, గచ్చునే రంగురంగుల పాలరాతి దిమ్మెలవలె తీర్చిన గోడలున్నవి. అమెరికా మొదటి అధ్యక్షుడగు జార్జి వాషింగ్టను తన మౌంటు వెర్నను భవనమునకు కొయ్యపలకలనే రాతిదిమ్మెలవలె చెక్కించి, తడిరంగుమీద ఇసుక చల్లించెను. మన దేశమున మద్రాసు చున్నము ప్రసిద్ధమైనది. గుల్లసున్నమును మెత్తగ నూరి, గ్రుడ్డుసొన మొదలగునవి చేర్చి, పలుమారులు పూసి, నునుపురాతితో రుద్ది రుద్ది ఇటుకస్తంభములకు పాలరాతి మెరుగు తెచ్చెడివారు. ఇంగ్లండులో థామసు కెర్షా అను రంగులవాడు 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనములో ఈ పనికి బహుమానము పొందెను. అతడు చిత్రించిన కొయ్యలు, రాళ్లు ఇప్పటికిని అచ్చటి ప్రదర్శనశాలలలో నున్నవి.

కాని నన్ను నిద్రపోనీయనిది మరియొక పేరు. జాన్ రస్కిన్. గాంధీమహాత్ముడు 1904లో దక్షిణాఫ్రికాలో రైలులో చదివి తన జీవనమార్గమునే మార్చుకొన్న పుస్తకమును వ్రాసినవాడాయన. ఆయనయే 1849లో వాస్తుకళనుగూర్చి వ్రాసిన గ్రంథములో, ఒక వస్తువుపై రంగు పూసి దానిని మరియొక వస్తువుగ చూపుట అసత్యమని గట్టిగ ఖండించెను. ఆయన ఒక మినహాయింపు మాత్రమిచ్చెను. భవనములకు పూసిన బంగారుపూత మోసము కాదు, ఏలయన దానిని ముద్దబంగారమని ఎవ్వరును భ్రమపడరు. నగలమీద అదే పూత మోసమగును. ఈ మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. సురభి తెర చూచి మేము నవ్వకపోవుటకు, మోసపోయితిమని యేడ్వకపోవుటకు కారణము తెలిసినది. అది తెర యని మాకు తెలియును. మరి మా యమ్మ సంగతియేమి? ఆమె తలుపును టేకు అని భ్రమించుటయే గదా నేను కోరినది? పరీక్షగదులలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాసిన పిల్లలను నేను ముప్పదియైదేండ్లు లేపి నిలబెట్టితిని. ఇప్పుడు నేను చేయుచున్నది ఏమి? ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. దినములు మాత్రము తరుగుచుండెను.

అసలు తలుపుమీద పని మొదలిడిన నాడు తెల్లవారుజాము నాలుగున్నరకు లేచితిమి. ఎండ ఎక్కినచో పైరంగు చేతిలోనే బిగిసిపోవును. అంతకు ముందే లప్పముతో ఇనుము అతుకులు పూడ్చి, ఉప్పుకాగితముతో రుద్ది, అడుగుపూత రెండుమారులు పూసి యుంచితిమి. "ముందు పలకలు, తర్వాత అడ్డకమ్మీలు, చివర నిలువు కమ్మీలు" అని మేస్త్రి క్రమము చెప్పెను. వడ్రంగి వేర్వేరు కొయ్యలను కూర్చునట్లే రంగులవాడును చేయవలెను. అడ్డకమ్మీలో గీతలు అడ్డముగ, నిలువుకమ్మీలో నిలువుగ; రెండును కలియుచోట కత్తితో కోసినట్లు తెగవలెను. అతుకు తప్పినచో తలుపంతయు బొమ్మ యని బయటపడును. నాలుగు పలకలు అతడు వేసెను. ఎడమరెక్క నడిమి పలకను నాకు వదలెను. పాత పలకను ప్రక్కన నిలిపికొని నేను గోపురములు గీసితిని, కన్ను వేసితిని. మూడుమారులు తుడిచి, నాలుగవమారు అతనివంక చూచితిని. అతడు గుడ్డను భుజముమీద వేసికొనెను. తుడువలేదు. మిగిలిన పలకను కూడ నన్నే వేయుమనెను.

రంగు ఆరిన సాయంత్రము నేనతనితో, "వరదగీత కూడా వేయాలి" అంటిని.

అతడు చాలసేపు మాటాడలేదు. "కొయ్య ఎలా ఉంటుందో నాకు తెలుసు మాస్టారూ, వేస్తాను. వరద నేను వేయను. మా నాన్న ఆ ఏడు మా గేదెలు రెంటినీ విప్పడానికి నీళ్లలో దిగి, ఒకదాన్నే తెచ్చాడు" అని కుంచెలు కడిగికొని ఇంటికి పోయెను.

ఆ రాత్రి దీపము వెలుగున నేనొక్కడనే అంబరు రంగు కలిపి, వసారా నేలనుండి కొలిచి, మూడడుగుల రెండంగుళముల యెత్తున ఆ గీతను గీసితిని. పాత గీతవలెనే అంచు కొంచెము చెదరునట్లు గుడ్డతో అద్దితిని. నా చేతిపని యంతటిలో అదియే మిక్కిలి చక్కగ కుదిరెను. దూరముగ నిలిచి చూచితిని. అటకమీదినుండి నేను వంగి చూచుచుండగ, క్రింద చీకటినీటిలో మా యమ్మ త్రాడు ముడివేయుచు నిలుచుండుట కండ్లకు కట్టెను. ఆ నీరు ఈ ఇనుమును తాకియెరుగదు. ఆ గీత నా కంటికి దొంగసాక్ష్యమువలె కనబడెను. రంగు ఆరుటకు ఇంకను అరగంట వ్యవధి యున్నది. టర్పెంటైను గుడ్డ తెచ్చి తుడిచివేసితిని. మరునాడు మేస్త్రి వచ్చి తలుపును ఎగాదిగ చూచి, ఏమియు అనక వార్నీషు పూసెను.

మా యమ్మ వచ్చిన దినమున కారు వీథిలో ఆగెను. నల్లకండ్లద్దములతో దిగి, చెల్లెలి చేయి విడిపించుకొని, తలుపునకు ఎదురుగ నిలిచెను. నేను లోపలినుండి వచ్చి ప్రక్కన నిలుచుంటిని. గుండె పరీక్షాఫలితములనాటి పిల్లవానివలె కొట్టుకొనుచుండెను.

"మూడేళ్లయిందిరా దీన్ని చూసి" అనెను. మరికొంత సేపటికి, "గీతేదీ? కడిగించావా?" అనెను.

అవునను మాట నాలుకమీదికి వచ్చెను. "లేదమ్మా" అంటిని. ఆమె నావంక చూచి, మెట్లెక్కి, కన్నుమీద వ్రేలు పెట్టెను. అచ్చట నున్న గుంట లేదు. అరచేయి మొత్తము ఆనించెను. తరువాత వ్రేలిముడుపుతో ఒకమారు కొట్టెను.

"ఇనుమా?"

అప్పుడు అంతయు చెప్పితిని. చెద సంగతి, వడ్రంగి ఉలి సంగతి, ఫోనులో దాచిన సంగతి. ఆమె వినుచునే తలుపుమీద గీతలను వ్రేలితో వెంబడించుచుండెను. "మరి ఈ కన్ను ఎవరు వేశారు?" అని అడిగెను. నేనని చెప్పితిని. కండ్లద్దములు పైకెత్తి దగ్గరనుండి చూచెను. "అది కొంచెం మెల్లగా చూసేది. ఇది బెదిరినట్టు చూస్తోంది" అనెను. తరువాత, "పాతదంతా పొయ్యిలో పెట్టావా?" అనెను.

లోపలికి పోయి ఆ పలకను తెచ్చితిని. ఆమె దానిని రెండు చేతులతో పట్టుకొని, కొంగుతో దుమ్ము తుడిచి, గీతమీద చేయి పెట్టెను. "దీన్ని తలుపు పక్కన గోడకి కొట్టించు. ఎంత ఎత్తులో ఉండేదో అంత ఎత్తులోనే" అనెను.

ఆ సాయంత్రమే మేస్త్రి సుత్తితో వచ్చెను. అతడు కొలబద్ద తీయబోగా ఆమె వలదని, గోడకు వీపు ఆనించి నిలిచి, "కొలతలెందుకు? నీళ్లు నా నడుముదాకా వచ్చాయి" అని నడుమున చేయి పెట్టుకొనెను. మేస్త్రి అక్కడ పలకను ఆనించెను. నాకు అనుమానము కలిగి కొలిచితిని. గీత మూడడుగులకు లోపలనే యున్నది. లెక్క ప్రకారము పైకెత్తగా, గీత ఆమె నడుము దాటి ప్రక్కటెముకలవరకు పోయెను.

"నా లెక్క తప్పా?" అని ఆమె అడిగెను. కొలబద్ద చూపితిని. ఆమె ఒకమారు గీతను, ఒకమారు తన నడుమును చూచుకొని నవ్వెను.

"నీళ్లు పెరగలేదురా అబ్బాయీ, నేనే తగ్గాను. అక్కడే కొట్టు నాయనా."

మూడడుగుల రెండంగుళములకడ మేస్త్రి మేకు దిగగొట్టెను.